పంతొమ్మిదో మనిషి

ఆ శనివారం ఓడిపోతే వారెంగా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఇక ఉండదు. రెండేళ్ళుగా ఒక్క ఆటా గెలవని జట్టు ఈ ఏడు కూడా గెలుపు మొహం చూడకుండా ముగిస్తే, పక్క ఊరు కల్బిన్ జట్టులో కలిపేస్తామని లీగ్ వాళ్ళు తేల్చి చెప్పేశారు. పేరు కల్బిన్‌దే ఉంటుంది, మైదానమూ కల్బిన్‌దే. వారెంగా మెరూన్ జెర్సీ పోయి వాళ్ళ పచ్చ జెర్సీ మిగులుతుంది. ఇంక మిగిలిన ఆట ఒక్కటే. అది కూడా కల్బిన్ మీదే, సొంత మైదానంలో.

నెవిల్ నోస్కే అందరికన్నా ముందే వచ్చి, తన తెల్ల బండి మూతిని మైదానం కంచెకి ఆనించి నిలబెట్టాడు. అక్కడ అందరూ అలాగే నిలబెడతారు. చలిగా ఉంటే బండిలోంచే చూస్తారు, గోల్ పడితే హారన్ మోగిస్తారు. నెవిల్ మాత్రం ఎంత చలైనా బండిలో కూర్చోడు. కంచె మీద మోచేతులు ఆనించి నిలబడి అరుస్తాడు. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు ఈ జట్టుకి ఆడాడు, తర్వాత తొమ్మిదేళ్ళు కోచ్‌గా చేశాడు. వారమంతా గోధుమ చేలో ట్రాక్టర్ మీద ఒంటరిగా తిరిగేవాడికి నోరారా మాట్లాడుకోవడానికి ఉన్నది శనివారం ఒక్కటే. ఆ శనివారం పోతే ఏం చేయాలో అతనికి తెలీదు. దాని గురించి ఆలోచించడం కూడా ఇష్టం లేదు.

“చూడు, మళ్ళీ అదే పని,” అన్నాడు, ఆట ఇంకా వేడెక్కకముందే.

“ఏది?” అన్నాడు డార్సీ పోల్. అతను ధాన్యం గోదాముల దగ్గర తూకం చూసి రిటైరయ్యాడు. ఏళ్ళ తరబడి నెవిల్ పక్కనే నిలబడి ఆట చూస్తున్నాడు, ఏ ఒక్క విషయంలోనూ అతనితో ఒప్పుకోలేదు.

“మనిషికి మనిషి. ఎవడి పక్కన వాడు జిగురు పెట్టినట్టు అంటుకుపోవడం. వెనక గోల్ ముందు ఒకణ్ణి ఖాళీగా వదిలితే వచ్చిన బంతల్లా వాడి చేతిలో పడదూ? ఈ పంతులుగారికి ఆ మాత్రం బుర్ర లేదు.”

“వెనక ఒకణ్ణి వదిలితే ముందు ఒకడు తగ్గుతాడు కదరా. గోలెవడు కొడతాడు, మీ ఆవిడా?”

“మా ఆవిడే నయం. డాట్ తంతే సూటిగా తంతుంది.”

డాట్ అతని భార్య. జట్టు గదుల పక్కనున్న కాంటీన్‌లో పొద్దున్నుంచీ సూప్ మరిగిస్తోంది.

పంతులుగారంటే కోచ్ గ్లెన్ టాంకిన్. ఊరి బడిలో మాస్టారు, బల్లారట్ పట్నం నుంచి వచ్చి రెండేళ్ళయింది. నెమ్మదైన మనిషి, గొంతు కూడా నెమ్మదే. నెవిల్‌ని పక్కన పెట్టి కమిటీ వాళ్ళు అతన్ని తెచ్చుకున్నారు. ఆ మొదటి శనివారం నుంచి ఈ శనివారం దాకా గ్లెన్ ఏ నిర్ణయం తీసుకున్నా కంచె మీంచి నెవిల్ దాన్ని చీల్చి చెండాడుతూనే ఉన్నాడు. గ్లెన్ భార్య మొదట్లో ఆటకి వచ్చేది. ఒక రోజు నెవిల్ అన్న మాటలకి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నెవిల్ బండికి రెండో పక్కన కెవ్ లూమిస్ బండి ఆగింది. కెవ్‌ది కల్బిన్. పశువుల దాణా అమ్ముతాడు. ఈ రెండు జట్లూ ఆడినప్పుడల్లా వచ్చి నెవిల్ పక్కనే నిలబడడం అతనికి అలవాటు. ఇద్దరూ ఒకరి ఇంటికి ఒకరు ఏనాడూ వెళ్ళలేదు. ఒకరినొకరు తిట్టుకోకుండా ఏ ఆటా చూడలేదు.

“నెవ్, వచ్చే ఏడు నీకు మా పచ్చ జెర్సీ ఏ సైజుది తెమ్మంటావ్? నీ పొట్టకి సరిపోయేది దొరుకుతుందో లేదో.”

“నువ్వు విప్పింది ఇవ్వు. గుడారం వేసుకుంటా.”

“కుట్లు విప్పి ఇమ్మంటావా, అలాగే ఇమ్మంటావా?”

“నోర్మూసుకుని ఆట చూడు, కెవ్.”

ఆట చూడదగ్గట్టే ఉంది. బంతిని చేత్తో పట్టుకోనూవచ్చు, కాలితో తన్ననూవచ్చు, అక్కడి ఫుట్‌బాల్ అది. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ రోజు వారెంగా వాళ్ళు ఆడారు. రెండేళ్ళుగా చేతుల్లోంచి జారిపోయిన బంతి ఆ రోజు చేతుల్లో నిలిచింది. మధ్యలోంచి పరుగెత్తుకుంటూ పోయి నాలుగు స్తంభాల మధ్యకి తన్నారు. ఒక్కో గోల్‌కి ఆరు పాయింట్లు. ఒక్కో గోల్‌కి మెరూన్ జెండాలు కట్టిన బండ్లన్నీ ఒకేసారి మోగాయి. నెవిల్ కూడా బండిలోకి చెయ్యి పెట్టి హారన్ నొక్కాడు. నొక్కి, వెంటనే, “అదృష్టం బాగుండి పడింది. వాడి గొప్పేం లేదు,” అన్నాడు.

“గెలుస్తుంటే కూడా ఏడుస్తావేంట్రా?” అన్నాడు డార్సీ.

“గెలవలేదింకా. గాలి చూడు. చివరి క్వార్టర్‌లో మనవాళ్ళు గాలికి ఎదురు ఆడాలి. అప్పుడు వెనక మనిషి లేకపోతే నేను చెప్పినట్టే జరుగుతుంది.”

నాలుగు క్వార్టర్లలో మూడోది అయ్యేసరికి వారెంగా పదకొండు పాయింట్ల ముందుంది.

సైరన్ మోగగానే కంచె చుట్టూ ఉన్న జనమంతా మైదానంలోకి నడిచారు. అది అక్కడి పద్ధతి. విరామంలో కోచ్ జట్టుని మైదానం మధ్యే నిలబెట్టి మాట్లాడతాడు. ఊరివాళ్ళు పిల్లలతో, కుక్కలతో, టీ కప్పులతో వెళ్ళి చుట్టూ మూగి వింటారు. ఎవరూ మాట్లాడకూడదని ఎక్కడా రాసి లేదు కానీ, ఎవరూ మాట్లాడరు. వినడానికి మాత్రమే వెళ్తారు.

నెవిల్ జనాన్ని తోసుకుంటూ ముందు వరసకి వచ్చాడు. గ్లెన్‌కి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడ్డాడు. ఆటగాళ్ళు మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని రొప్పుతున్నారు. ఒక పక్కన వేన్ జెష్కే చేతికి కట్టు కట్టించుకుంటున్నాడు. వేన్ గొర్రెల ఉన్ని కత్తిరించే పని చేస్తాడు, మొరటు మనిషి. వేళ్ళ మధ్య చీరుకుపోయి రక్తం కారుతోంది.

“బాగా ఆడారు,” అన్నాడు గ్లెన్. “ఇంకొక్క క్వార్టర్. గాలిని మరిచిపోండి. ఎవడి మనిషిని వాడు వదలొద్దు. మార్పులు రెండే రెండు—”

“వెనక ఒకణ్ణి పెట్టు!” అన్నాడు నెవిల్.

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. గ్లెన్ అతని వైపు చూడలేదు. “మార్పులు రెండు. డేమియన్ బెంచి మీంచి ముందుకి వస్తాడు. వేన్, నువ్వు బెంచి మీద—”

“గాలికి ఎదురు ఆడుతూ మనిషికి మనిషేంట్రా? జట్టుని చంపేస్తావా? వెనక ఒకణ్ణి పెట్టమంటే నీకు కాదూ చెప్పేది!”

గ్లెన్ వేలు వేన్ వైపు చూపిస్తూ ఉంది, పెదాలు కదులుతున్నాయి. నెవిల్ ఇంకా గట్టిగా అరిచాడు. గొంతు పెంచడంలో అతనికి ఎవరూ సాటి రారు. అప్పుడు గ్లెన్ రెండేళ్ళలో మొదటిసారి తిరగబడ్డాడు.

“నీ వంతు అయిపోయింది నెవిల్! తొమ్మిదేళ్ళు నీ చేతుల్లోనే ఉంది కదా. అవతలికి పో!”

“నన్ను అవతలికి పొమ్మంటావా? ఈ మైదానంలో గడ్డి నాటింది మేంరా!”

జట్టు అధ్యక్షుడు బ్రూస్ హాన్ మధ్యలోకి దూకాడు. చిన్న ఊళ్ళో అధ్యక్షుడంటే అన్ని పనులూ చేసేవాడే. బెంచి మీంచి ఎవరు లోపలికి వెళ్తున్నారో, ఎవరు బయటికి వస్తున్నారో చూసేదీ బ్రూసే. ఇప్పుడు అతను నెవిల్ భుజాలు పట్టుకుని వెనక్కి నెడుతున్నాడు. “నెవ్, నీకు దణ్ణం పెడతా, ఈ పూటకి వదిలెయ్.” ఇంతలో సైరన్ మోగింది. జనం కంచె వైపు మళ్ళారు. ఆ గందరగోళంలో కట్టు బిగించుకున్న వేన్ జెష్కే ఎప్పటిలాగే వెనకకి, తన చోటుకి పరుగెత్తాడు. అది ఎవరూ చూడలేదు.

నెవిల్ బుసలు కొడుతూ వచ్చి కంచె పట్టుకున్నాడు.

“అలా అనాల్సింది కాదు,” అన్నాడు డార్సీ.

“వాడా, నేనా?”

“ఇద్దరూ.”

చివరి క్వార్టర్ నెవిల్ చెప్పినట్టే మొదలైంది. గాలి వాటంతో కల్బిన్ వాళ్ళు బంతిని ఎత్తి ఎత్తి కొట్టారు. అది గోదాముల వైపున్న గోల్ మీదకి మళ్ళీ మళ్ళీ వచ్చింది. కానీ వచ్చిన ప్రతిసారీ అక్కడ ఒక మెరూన్ జెర్సీ ఖాళీగా ఉంది. వేన్ జెష్కే. అతని పక్కన పచ్చ జెర్సీ ఎవరూ లేరు. తెల్ల కట్టు కట్టిన చెయ్యి గాల్లోకి లేవడం, బంతిని పట్టడం, దూరంగా తన్నడం.

నెవిల్ నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత మొహమంతా నవ్వైపోయింది.

“డార్సీ! చూశావా? వెనక ఖాళీ మనిషి! పెట్టాడ్రా. నేను చెప్పానా లేదా? అంత మంది ముందు నన్ను తిట్టి, నా మాటే విన్నాడు.”

“వాడు నీ మాట విన్నాడా? నాకు నమ్మకం లేదు.”

“కళ్ళెదురుగా కనపడుతుంటే నమ్మకం ఏంట్రా? కెవ్, చూడు, మీ వాళ్ళు ఎన్ని తన్నినా మా వేన్ చేతిలోకే. పద, ఇంకా తన్నమను!”

అతను అంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో. రెండేళ్ళుగా ఎవరూ చెవినేసుకోని మాట ఇవాళ మైదానంలో నడుస్తోంది. ఇటు పక్కవాళ్ళకీ, అటు పక్కవాళ్ళకీ వేలు చూపించి మరీ వివరించాడు. ఆ నిమిషంలో గ్లెన్ మీద కోపం కూడా పోయింది. ఆట అయ్యాక వెళ్ళి చెయ్యి కలపాలనుకున్నాడు.

కెవ్ లూమిస్ తాపీగా అడిగాడు. “మరి ముందు ఎవణ్ణి తగ్గించార్రా?”

“ఏంటి?”

“వెనక ఒకడు ఎక్కువైతే ముందు ఒకడు తగ్గాలి కదా. మా వెనకవాళ్ళలో ఎవడూ ఖాళీగా లేడు.”

నెవిల్ అవతలి గోల్ వైపు చూశాడు. అక్కడ ఆరుగురు పచ్చ జెర్సీలు, పక్కనే ఆరుగురు మెరూన్. మధ్యలో చూశాడు. అక్కడా సరిపోయింది. పక్కకి తిరిగితే కెవ్ పెదాలు మెల్లగా కదులుతున్నాయి. నెవిల్ కూడా మొదటినుంచి లెక్కపెట్టాడు. బంతి వెంట మనుషులు కదిలిపోతుంటే తప్పిపోయి మళ్ళీ పెట్టాడు.

పంతొమ్మిది.

 ఈ ఆటలో ఒక జట్టుకి మైదానంలో పద్దెనిమిది మందే. అవతలి కెప్టెన్‌కి అనుమానం వస్తే చేయెత్తి లెక్క పెట్టమని అడగొచ్చు. అంపైర్ ఆట ఆపి, జట్టుని వరసలో నిలబెట్టి లెక్కపెడతాడు. పంతొమ్మిదోవాడు తేలితే ఆ జట్టు అప్పటిదాకా చేసిన పాయింట్లన్నీ సున్నా. అడగకముందే ఆ ఒక్కణ్ణీ బయటికి పిలిచేస్తే ఏ గొడవా ఉండదు. ఎవరికీ తెలియను కూడా తెలీదు.

కెవ్ కంచె వదిలి కదిలాడు.

“ఎక్కడికి?” అన్నాడు నెవిల్.

“మీట్‌పై తెచ్చుకోడానికి. ఆకలేస్తోంది.”

“నేనూ వస్తా. నాకూ ఆకలేస్తోంది.”

కాంటీన్ మైదానానికి అవతలి పక్కన ఉంది. రెండు జట్ల బెంచీలూ అటే ఉన్నాయి. ఇద్దరు ముసలాళ్ళూ కంచె వెంట నడక మొదలుపెట్టారు. పరుగెత్తితే అవతలివాడికి తెలిసిపోతుందని ఇద్దరూ పరుగెత్తలేదు. నెవిల్‌కి తుంటి నొప్పి. కెవ్‌కి మోకాలు వంగదు. గోల్ వెనక మలుపు దగ్గర నెవిల్ ఆగలేక వేగం పెంచాడు. “అంత ఆకలా?” అన్నాడు కెవ్ వెనకనుంచి. 

బెంచి దగ్గరికి చేరేసరికి ఊపిరి అందడం లేదు. గ్లెన్ కంచె పక్కన నిలబడి బంతినే చూస్తున్నాడు. కల్బిన్ బెంచి పది అడుగుల్లో ఉంది. వాళ్ళ కోచ్ దగ్గు కూడా ఇక్కడికి వినపడుతోంది.

“గ్లెన్,” అన్నాడు నెవిల్, గొంతు తగ్గించి. అతనికి గొంతు తగ్గించడం అలవాటు లేదు. “వెనకున్న ఖాళీ మనిషిని బయటికి పిలువు. ఇప్పుడే.”

గ్లెన్ తల తిప్పలేదు. “బ్రూస్, ఈయన్ని తీసుకెళ్ళు.”

“నేను చెప్పేది విను—”

“ఇందాక ఊరందరి ముందు వెనక ఒకణ్ణి పెట్టమని అరిచావు. ఇప్పుడు తీసెయ్యమంటున్నావా? రెండేళ్ళు విన్నాను నెవిల్. గెలుస్తున్నాం. ఇంకొక్క కాసేపు నోరు మూసుకుని ఉండలేవా?”

“ఒరేయ్, అది కాదు. దగ్గరికి రా, చెవిలో చెబుతా.”

“బ్రూస్!”

బ్రూస్ చెయ్యి పట్టుకున్నాడు. “పద నెవ్. ఇందాకే దణ్ణం పెట్టానా?”

నెవిల్ బ్రూస్ చెవి దగ్గరికి వంగాడు. బహుశా ఆ ఒక్క మాట అక్కడ పడి ఉంటే సరిపోయేది. కానీ అదే క్షణంలో గ్లెన్, ఇంకా బంతినే చూస్తూ, “ఈ జట్టుని పాడుచేసింది చాలదా?” అన్నాడు.

నెవిల్ ఒంటికాలి మీద లేచాడు. నలభై ఏళ్ళ శనివారాలు అతని గొంతులోకి వచ్చేశాయి.

“నేనా పాడుచేసింది? లెక్కపెట్టుకోరా పంతులూ! పంతొమ్మిది మందిని ఆడిస్తున్నావు! పంతొమ్మిది!”

మాట బయటికి వచ్చాక గానీ అతనికి వినపడలేదు. గ్లెన్ మొహం తెల్లబోయింది. బెంచి మీద చూసి, వెనక గోల్ దగ్గరున్న వేన్‌ని చూశాడు. పది అడుగుల అవతల కల్బిన్ కోచ్ తల తిప్పి, మైదానంలోకి కోచ్ కబురు మోసే మనిషి భుజం మీద చెయ్యి వేశాడు. వారెంగా మనిషి వేన్ వైపు పరుగెత్తాడు. కల్బిన్ మనిషి తమ కెప్టెన్ వైపు పరుగెత్తాడు. వేన్ చాలా దూరంగా ఉన్నాడు. కల్బిన్ కెప్టెన్ దగ్గరగా ఉన్నాడు. వేన్ అర్థం చేసుకుని గీత వైపు పరుగందుకునేసరికి ఈల మోగింది.

మెరూన్ జెర్సీలన్నీ మైదానం మధ్య వరసలో నిలబడ్డాయి. అంపైర్ ఒక్కొక్కళ్ళ భుజం తడుతూ నడిచాడు. చివర వేన్ నిలబడ్డాడు, కట్టు కట్టిన చెయ్యి వీపు వెనక దాచుకుని. అంపైర్ అతని భుజం తట్టి, ఆగి, చేయెత్తాడు.

స్కోరు బోర్డు దగ్గరున్నవాడు వారెంగా పక్కనున్న రేకు అంకెలు ఒక్కొక్కటే కొక్కేల మీంచి తీసి, ఒక సున్నా తగిలించాడు. అది గాలికి ఊగింది. ఒక్క హారన్ కూడా మోగలేదు. కల్బిన్ వాళ్ళు కూడా మోగించలేదు.

మిగిలిన ఆట ఎవరూ చూడలేదు. ఆటగాళ్ళు కూడా ఆడాలి కాబట్టి ఆడారు.

నెవిల్ కంచె పట్టుకుని నిలబడి ఉండగా కెవ్ లూమిస్ వచ్చాడు. చేతిలో మాంసం కూరిన వేడి వేడి మీట్‌పై, దాని మీద ఎర్రటి సాస్.

“నువ్వు నిజంగా దీనికోసమే వెళ్ళావా?”

“చెప్పాను కదా.”

“నువ్వు లెక్కపెట్టావు. నీ పెదాలు కదలడం నేను చూశాను.”

“పెట్టాను.” కెవ్ ఒక ముక్క కొరికి, వేడికి నోరు తెరిచి ఊదుకున్నాడు. “పంతొమ్మిది. వేన్ చేతి కట్టు కూడా చూశాను.”

“మరి చెప్పలేదే?”

“నేనెందుకు చెబుతాను? మీరు గెలిస్తే మీ పాటికి మీరుంటారు. ఇన్నాళ్ళూ ఏడాదికి రెండుసార్లు నీ గొంతు భరించాను. ఇంక ప్రతి శనివారం మా కంచె మీద నిన్నెవడు భరిస్తాడ్రా?” నవ్వబోయి, నెవిల్ మొహం చూసి ఆపేశాడు. “నిజం చెబుతున్నా నెవ్. మా ఊళ్ళో ఈ కలపడం ఎవడికీ ఇష్టం లేదు. మీరు లేకపోతే మేం ఎవణ్ణి తిడతాం? ఇంతకీ మావాళ్ళకి ఎవడు చెప్పాడు?”

నెవిల్ స్కోరు బోర్డు వైపు చూశాడు. కెవ్ ఇంకొంచెం సేపు నిలబడి, మిగిలిన ముక్క కాగితంలో చుట్టి, తన బండి వైపు కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆట అయ్యాక ఊరంతా జట్టు గదిలో చేరింది. ఎవరూ ఇంటికి పోలేకపోయారు. గోడల మీద పాత జట్ల ఫోటోలు, బల్లల మీద బీరు, సాసేజీలు. ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, మిగిలినవాళ్ళు తిట్టారు. తిట్టినవాళ్ళే ఎక్కువ. తిట్లన్నీ ఒకే మనిషికి.

“పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారు. పద్దెనిమిది దాకా లెక్క రాదు!”

“మా నెవ్ వెళ్ళి చెప్పాడు కదా. కాళ్ళు ఈడ్చుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళి మరీ చెప్పాడు. విన్నాడా?”

“అప్పుడే వినుంటే వేన్‌ని లాగేసేవాళ్ళు.”

“మొదట్నుంచీ వింటే ఈ గతే పట్టేది కాదు!”

ఎవరో నెవిల్ చేతిలో బీరు పెట్టారు. ఇంకెవరో వీపు తట్టారు. ఎన్నడూ అతనితో ఒప్పుకోని డార్సీ కూడా, “నువ్వు చెప్పిందే నిజం. వాడికి ఆట తెలీదు,” అన్నాడు. నెవిల్ తాగాడు. ఏళ్ళ తరబడి అతను వినాలని కోరుకున్న మాట అది. చేదుగా ఉన్నా మింగాడు.

తలుపు తీసుకుని గ్లెన్ వచ్చాడు.  అతను నేరుగా వేన్ జెష్కే దగ్గరికి వెళ్ళాడు.

“వేన్, నేను నిన్ను బెంచి మీద కూర్చోమన్నాను.”

వేన్ లేచి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “నాకు వినపడలేదు గ్లెన్. అమ్మ మీద ఒట్టు. వినపడితే వెళ్తానా?”

“నువ్వు అసలు అన్నావా?” అన్నాడు డార్సీ. “ఇప్పుడు ఆ వేన్ నెత్తిన రుద్దడానికి చూస్తున్నావా?”

“రుద్దడం లేదు. తప్పు నాదే, లెక్క నేను చూసుకోవాలి. కానీ అనలేదని మాత్రం అనొద్దు. అన్నాను.” గ్లెన్ చుట్టూ చూశాడు. చూపు నెవిల్ మీద ఆగింది. “నెవిల్ నా ఎదురుగా ఉన్నాడు. అందరికన్నా దగ్గరగా. నెవిల్, నువ్వు చెప్పు. నేను వేన్‌ని కూర్చోమన్నానా లేదా?”

అందరూ నెవిల్ వైపు తిరిగారు.

అతనికి వినపడింది. ‘వేన్, నువ్వు బెంచి మీద’ అన్నంతవరకూ స్పష్టంగా వినపడింది. గ్లెన్ వేలు కూడా కనపడింది. ఆ మాటని మూసెయ్యడానికే గొంతు ఇంకాస్త పెంచాడు. ఆ సంగతి ఆ గదిలో అతనొక్కడికే తెలుసు. ‘అన్నాడు’ అంటే చాలు. జట్టు ఎలాగూ తిరిగి రాదు. కానీ ఈ మనిషి పేరు మిగులుతుంది.

చేతిలో గ్లాసు ఉంది. వీపు మీద ఇంకా ఎవరిదో చెయ్యి ఉంది.

“గోల ఎక్కువగా ఉంది,” అన్నాడు నెవిల్.

“చూశావా!” అన్నాడు డార్సీ.

గ్లెన్ ఇంకా ఏదో వస్తుందేమోనని ఆగాడు. నెవిల్ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

“అవును,” అన్నాడు గ్లెన్ చివరికి. “గోల చాలా ఉంది.” జేబులోంచి గది తాళంచెవి తీసి బ్రూస్ ముందు పెట్టి, తలుపు మెల్లగా వేసుకుని బయటికి వెళ్ళాడు.

బ్రూస్ లేచి గొంతు సవరించుకున్నాడు. కాంటీన్ ఆడవాళ్ళకి ధన్యవాదాలు చెప్పాడు. లీగ్ వాళ్ళకి ఫోన్ చేస్తానన్నాడు. ఇంకేదో చెప్పబోయి కూర్చుండిపోయాడు.  తర్వాత ఒక బల్ల దగ్గర ఎవరో, కలిపిన జట్టుకి కోచ్ ఎవరవుతారో అన్నారు. కల్బిన్ వాళ్ళ ఎడమకాలి వాడు మధ్యలో ఆడితే బాగుంటుందని ఇంకొకరు. వాడు గాలికి తన్నలేడని మరొకరు. నిమిషాల్లో గది మళ్ళీ హోరెత్తింది. “మనవైపు నుంచి జట్టుని ఎంచే పని నెవ్‌కే ఇమ్మనాలి,” అన్నాడు డార్సీ. బల్లలు చరిచారు.

డాట్ చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడింది. “పద,” అంది. “నువ్వు తాగావు, నేను నడుపుతా.”

బండి వెనక్కి తీసి కంచె వెంట గేటు వైపు మలిపింది. చీకటి పడబోతోంది.

“ఆ విరామంలో నేను టీ నీళ్ళు పెడుతున్నాను,” అంది డాట్, రోడ్డు మీదే కళ్ళు పెట్టి. “కిటికీ తీసే ఉంది. నువ్వు గోల అన్నావు కదా. కాంటీన్‌లో ఉన్న నాకు ఒక్క గొంతే వినపడింది.”

“నువ్వు కూడా మొదలుపెట్టావా?”

“నేనేమీ అనలేదు.”

గేటు దగ్గర డాట్ బండి ఆపింది. మైదానంలో గ్లెన్ ఒక్కడే ఉన్నాడు. గోల్ స్తంభాలకి చుట్టిన మెత్తలు విప్పి, ఒక్కొక్కటే భుజాన వేసుకుని గది వైపు మోస్తున్నాడు. అలవాటు కొద్దీ చేస్తున్న పని అది. వాటి అవసరం ఇక ఎవరికీ లేదు. ఇంజన్ చప్పుడు విని ఒకసారి ఇటు చూసి, మళ్ళీ వంగాడు.

“దిగుతావా?” అంది డాట్.

నెవిల్ చెయ్యి తలుపు పిడి మీదకి వెళ్ళింది. అక్కడే ఉంది.

“ఇంకోసారి చూద్దాం,” అన్నాడు.

“ఇంకోసారి ఇక్కడికి ఎందుకొస్తాం, నెవ్?”

అతను పిడి మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. డాట్ కాసేపు చూసింది. తర్వాత గేరు మార్చింది.